ఆటిజం గల బాలల పాఠశాలల్లో పరిరక్షణ విధానం: చట్టం ఏమి కోరుతోంది?

(ప్రత్యేక వ్యాసం)

ఏటా ఏప్రిల్ 2వ తేదీని ప్రపంచ ఆటిజం అవగాహన దినంగా పాటించాలని ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2007 డిసెంబరులో తీర్మానించిన విషయం విదితమే. 2008 నుండి ఈ దినాన్ని వివిధ దేశాలు పాటిస్తున్నాయి. ఆ రోజున ర్యాలీలు, భవనాలకు నీలిరంగు దీపాలంకరణలు, చిత్రలేఖన పోటీలు జరుగుతాయి. అవగాహనకు అవి అవసరమే. అయితే ఆటిజం గల చిన్నారి ఉదయం బస్సు ఎక్కినది మొదలు సాయంత్రం ఇల్లు చేరే వరకు అతని భద్రతకు ఎవరు బాధ్యులు, ఏ చట్టం ఎవరిపై ఏ కర్తవ్యాన్ని ఉంచింది, అనుమానం కలిగిన తొలి గంటలో ఏమి చేయాలి అనే ప్రశ్నలు మిగిలిన 364 రోజులకూ సంబంధించినవి. ప్రత్యేక పాఠశాలలను తనిఖీ చేసే అధికారులకు, వాటి గురించి వార్తలు వ్రాసే పాత్రికేయులకు ఉపకరించేలా ఈ అంశాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి. సాధారణంగా తొలి మూడేళ్ల వయసులో బయటపడే నాడీ వికాస సంబంధమైన స్థితిగా చట్టం అనుబంధం దీనిని నిర్వచించింది. భావ వ్యక్తీకరణ, సంబంధాలను అర్థం చేసుకోవడం, ఇతరులతో మెలగడం అనే సామర్థ్యాలపై ఇది గణనీయమైన ప్రభావం చూపుతుంది. తీవ్రతను అంచనా వేయడానికి మన దేశంలో రూపొందించిన భారతీయ ఆటిజం మాపనిలో 40 అంశాలు ఉన్నాయి. 70 నుండి 106 వరకు వచ్చిన మార్కులను స్వల్ప స్థాయిగా, 107 నుండి 153 వరకు మధ్యమ స్థాయిగా, అంతకు మించినవాటిని తీవ్ర స్థాయిగా పరిగణిస్తారు. 1984లో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఏర్పాటైన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ (ప్రస్తుత పేరు జాతీయ మేధో దివ్యాంగజన సాధికారత సంస్థ) ఈ మాపని రూపకల్పనలో పాలుపంచుకుంది.

ముప్పు ఎందుకు ఎక్కువ?

దివ్యాంగులైన బాలలు ఇతర బాలలతో పోలిస్తే ఏదో ఒక రూపంలో హింసకు గురయ్యే అవకాశం 3.7 రెట్లు అధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చొరవతో జరిగి 2012లో లాన్సెట్ పత్రికలో వెలువడిన అధ్యయనం తెలిపింది. మానసిక, మేధోపరమైన వైకల్యం గల బాలల విషయంలో లైంగిక హింస ముప్పు 4.6 రెట్లు ఎక్కువని అదే అధ్యయనం పేర్కొంది.

దీనికి కారణాలు ఆటిజం గల బాలల దైనందిన జీవితంలోనే కనిపిస్తాయి. పదేళ్లు దాటినా మరుగుదొడ్డికి వెళ్లడానికి, బట్టలు మార్చుకోవడానికి పెద్దల సాయం అవసరమయ్యే పిల్లలు వీరిలో ఉన్నారు. ఆ సాయం నాలుగు గోడల మధ్య, ఒకే వ్యక్తి చేతుల మీదుగా జరుగుతుంది. రెండవది, శిక్షణ స్వభావం. ‘కూర్చో’, ‘చేతులు క్రింద’, ‘నన్ను చూడు’ అని చెప్పినట్లు చేసిన ప్రతిసారీ బహుమతి ఇచ్చే పద్ధతిలో ఏళ్ల తరబడి శిక్షణ పొందిన బిడ్డకు పెద్దవారి మాట కాదనడం ఎవరూ నేర్పరు. వ్యక్తిగత విద్యా ప్రణాళికలలో ‘ఆజ్ఞ పాటించుట’ అనే లక్ష్యం తరచుగా కనిపిస్తుంది. ‘వద్దు అని చెప్పుట’ అనే లక్ష్యాన్ని కూడా చేర్చాలని తనిఖీ అధికారులు పాఠశాలలకు సూచించవచ్చు.

అన్నిటికంటె ప్రమాదకరమైనది మరొకటి ఉంది. బిడ్డ ప్రవర్తనలో వచ్చే ప్రతి మార్పునూ ఆటిజం ఖాతాలో వేయడం. నిన్నటి దాకా సంతోషంగా వెళ్లిన థెరపీ గది గుమ్మం వద్ద ఈ రోజు నేల మీద పడి ఏడుస్తున్నాడంటే, మానిన పక్క తడిపే అలవాటు మళ్లీ మొదలైందంటే, తనను తాను కొరుక్కుంటున్నాడంటే, ‘ఈ పిల్లలు ఇంతే’ అనే మాటతో విషయం ముగిసిపోతుంది. వాస్తవానికి మాటలు లేని బిడ్డ చేయగల ఫిర్యాదు అదే. మాటలు ఉన్న పిల్లలలో కొందరు విన్న వాక్యాన్ని ఉన్నదున్నట్లు తిరిగి పలుకుతూ ఉంటారు. ‘అరిస్తే కొడతా’, ‘అమ్మకు చెప్పకు’ వంటి మాటలను బిడ్డ ఇంటి వద్ద అదే స్వరంతో పదేపదే పలికితే, అది ఎక్కడో విన్నదై ఉంటుంది. దానంతట అది నేర నిరూపణ కాదు. కాని ఆ మాటలను తేదీ, సమయంతో యథాతథంగా వ్రాసి ఉంచడం అత్యవసరం.

నమోదు, సిబ్బంది

దివ్యాంగుల సంరక్షణ, విద్య, శిక్షణ, పునరావాసం కొరకు నడిచే ఏ ప్రైవేటు సంస్థ అయినా రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికారి నుండి నమోదు పత్రం పొందిన తరువాతనే పనిచేయాలని 2016 చట్టం 50వ సెక్షన్ నిర్దేశిస్తోంది. బోర్డుపై ‘పాఠశాల’ అని ఉన్నదా, ‘థెరపీ కేంద్రం’ అని ఉన్నదా అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. అందించే సేవ ముఖ్యం. ప్రభుత్వమే నిర్వహించే సంస్థలకు నమోదు నుండి మినహాయింపు ఉన్నప్పటికీ, అక్కడి పిల్లలకు వర్తించే రక్షణలలో ఎటువంటి మినహాయింపూ లేదని గమనించాలి. రెండు తెలుగు రాష్ట్రాలలో సమగ్ర శిక్ష క్రింద నడుస్తున్న భవిత కేంద్రాలకు కూడా ఇది వర్తిస్తుంది.

ప్రత్యేక ఉపాధ్యాయులు, పునరావాస నిపుణులు భారత పునరావాస మండలి చట్టం, 1992 క్రింద కేంద్ర పునరావాస రిజిస్టరులో నమోదై ఉండాలి. తనిఖీకి వెళ్లిన అధికారి మొట్టమొదట అడగవలసిన పత్రం ఈ నమోదు సంఖ్యల జాబితా. అయితే పిల్లలకు అతి దగ్గరగా మెలిగేది నిపుణులు మాత్రమే కాదు. ఆయమ్మ, బస్సు డ్రైవరు, క్లీనరు, వాచ్‌మన్, వారానికి రెండు రోజులు వచ్చే సంగీతం మాస్టారు కూడా ఉంటారు. 2020 మార్చి 9 నుండి అమలులో ఉన్న పోక్సో నియమాల ప్రకారం బాలలతో క్రమం తప్పక సంబంధం ఉండే ప్రతి సంస్థ బోధన, బోధనేతర, శాశ్వత, కాంట్రాక్టు అనే తేడా లేకుండా సిబ్బంది అందరి విషయంలో పోలీసు ధ్రువీకరణ, పూర్వాపరాల విచారణ జరిపించాలి. అదీ ఉద్యోగంలో చేరినపుడు ఒకసారి కాదు, నిర్ణీత కాలానికొకసారి. బాలల భద్రతపై సిబ్బందికి శిక్షణ ఇప్పించడం కూడా సంస్థ బాధ్యతే. బాలలపై హింసను ఏ మాత్రమూ సహించని బాలల పరిరక్షణ విధానాన్ని రాష్ట్ర ప్రభుత్వాలు రూపొందించాలని, సంస్థలు దానిని స్వీకరించి అమలు చేయాలని ఇవే నియమాలు చెబుతున్నాయి. పాఠశాలల భద్రత విషయంలో యాజమాన్యాల జవాబుదారీని నిర్ణయిస్తూ కేంద్ర విద్యా మంత్రిత్వశాఖ 2021లో మార్గదర్శకాలను జారీ చేసింది.

విధానపత్రంలో ఏమి ఉండాలి?

సాధారణ పాఠశాలకు తయారు చేసిన విధానపత్రంలో పేరు మార్చి ప్రత్యేక పాఠశాల ఫైలులో పెట్టడం వలన ప్రయోజనం లేదు. ‘ఇబ్బంది కలిగిన విద్యార్థి ప్రధానోపాధ్యాయునికి ఫిర్యాదు చేయవచ్చును’ అనే వాక్యం మాట్లాడలేని బిడ్డకు ఏ విధంగా ఉపకరిస్తుంది? ఫిర్యాదుల పెట్టె గోడకు వేలాడుతూ ఉండవచ్చు గాని, అందులో చీటీ వేయగల విద్యార్థి ఆ బడిలో ఒక్కరూ ఉండకపోవచ్చు.

కనుక విధానపత్రం వ్యక్తీకరణతో మొదలు కావాలి. బొమ్మల కార్డుల ద్వారా, ట్యాబ్ ద్వారా సంభాషించే పిల్లలకు ఇచ్చే పదజాలంలో నీళ్లు, అన్నం, ఆట, బస్సు ఉంటాయి. నొప్పి, భయం, ‘ముట్టుకోవద్దు’, శరీర భాగాల పేర్లు, పాఠశాలలోని ప్రతి పెద్దమనిషి ఫోటో కూడా అందులో ఉండాలి. గోప్యమైన శరీర భాగాల కార్డులను సిగ్గుతోనో సంకోచంతోనో తొలగించిన పక్షంలో, జరిగినది చెప్పే ఏకైక మార్గాన్ని మనమే మూసివేసినట్లవుతుంది.

మరుగుదొడ్డి, స్నానం, శానిటరీ నాప్కిన్ మార్పు వంటి సేవలకు ఒక్కొక్క బిడ్డకు వేర్వేరుగా వ్రాతపూర్వక ప్రణాళిక అవసరం. ఎవరు సాయం చేస్తారు, ఆమె సెలవులో ఉంటే ఎవరు, బిడ్డ తనకు తాను ఎంత వరకు చేసుకోగలదు, తల్లిదండ్రులు దేనికి అంగీకరించారు అన్నవి అందులో ఉండాలి. ఒక్కరే బిడ్డను తీసుకువెళ్లక తప్పనపుడు మరొక సిబ్బందికి చెప్పి వెళ్లడం, రిజిస్టరులో సమయం వ్రాయడం చిన్న పనులే గాని, బిడ్డకూ రక్షణే, నిజాయితీగా పనిచేసే ఆయమ్మకూ రక్షణే. థెరపీ గది తలుపుకు అద్దపు పలక ఉండాలి. దానిపై కాగితం అంటించి ఉంటే ఎందుకని అడగాలి.

ప్రవర్తన అదుపు పేరిట జరిగే చర్యలు మరొక ముఖ్యాంశం. కుర్చీకి కట్టివేయడం, చీకటి గదిలో ఒంటరిగా ఉంచడం, భోజనం ఆపివేయడం, మాటకు ఆధారమైన ట్యాబ్‌ను శిక్షగా లాగుకోవడం వంటివాటిని ‘థెరపీ’ అని పిలిచినంత మాత్రాన వాటి స్వభావం మారదు. తన ఆధీనంలో ఉన్న దివ్యాంగునికి తెలిసి ఆహారం, పానీయం నిరాకరించడం, ఏదైనా అవయవం, ఇంద్రియం లేదా సహాయక పరికరం వినియోగాన్ని బుద్ధిపూర్వకంగా భంగపరచడం 2016 చట్టం 92వ సెక్షన్ క్రింద నేరాలు. ఇందుకు ఆరు నెలల నుండి ఐదేళ్ల వరకు జైలు, జరిమానా విధించవచ్చు. బాలల న్యాయ చట్టం, 2015లోని 75వ సెక్షన్ ప్రకారం బాలల సంరక్షణ బాధ్యత గల సంస్థలో పనిచేసేవారు లేదా దానిని నిర్వహించేవారు క్రూరత్వానికి పాల్పడితే ఐదేళ్ల వరకు కఠిన కారాగారం, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా ఉంటుంది. విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించిన సంగతి అందరికీ తెలిసినదే.

బిడ్డ రోడ్డు మీదికి పరుగెత్తుతున్నపుడు చేయి పట్టి ఆపడం వేరు. అటువంటి సందర్భాలు తప్పవు. కాని అలా బలం ఉపయోగించిన ప్రతిసారీ ఎందుకు, ఎంతసేపు, ఎవరు అన్నది అదే రోజు వ్రాసి తల్లిదండ్రులకు తెలియజేయాలి. ఏడాది పొడవునా ఒక్క సంఘటన కూడా నమోదు కాని రిజిస్టరును చూసి సంతోషించనవసరం లేదు. ఇరవై మంది పిల్లలున్న ప్రత్యేక పాఠశాలలో అటువంటి రిజిస్టరు, వ్రాయడం మానివేశారనడానికే ఎక్కువగా సూచన.

ఆటిజం గల బాలలలో కొందరు చెప్పకుండా బయటికి వెళ్లిపోతారు. నీటి పట్ల ఆకర్షణ ఉన్నవారు నేరుగా చెరువు, కాలువ, బావి వైపు వెళతారు. ఇటువంటి మరణాలలో నీట మునగడం ప్రధాన కారణంగా ఉంటోంది. అందుచేత గేటు గడియ, హాజరు లెక్క ఎంత ముఖ్యమో, పాఠశాలకు చుట్టుప్రక్కల ఉన్న నీటి వనరుల పటం కూడా అంతే ముఖ్యం. బిడ్డ కనిపించని పక్షంలో ముందుగా వెదకవలసినది అక్కడే. బాలల అదృశ్యంపై వచ్చే ఫిర్యాదులను ఎఫ్.ఐ.ఆర్.గా నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2013 మే 10న ఆదేశించింది. ఒక రోజు వేచి చూడమని తల్లిదండ్రులను తిప్పి పంపడానికి ఏ పోలీసు స్టేషనుకూ అధికారం లేదు.

అనుమానం కలిగినపుడు

ఇక్కడ యాజమాన్యాలు తరచుగా చేసే పొరపాటు ఒకటి ఉంది. ముందు అంతర్గత విచారణ జరిపి, నిజమని తేలితే పోలీసులకు చెబుదామనుకోవడం. పోక్సో చట్టం 19వ సెక్షన్ అటువంటి వెసులుబాటు ఇవ్వలేదు. నేరం జరిగినట్లు తెలిసినా, జరిగే అవకాశం ఉన్నదని ఆందోళన కలిగినా, ఎవరైనా సరే ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి గాని, స్థానిక పోలీసులకు గాని సమాచారం ఇవ్వాలి. నిరూపించే బాధ్యత సమాచారం ఇచ్చినవారిది కాదు. సద్భావంతో ఇచ్చినవారిపై ఏ చర్యా ఉండదు. ఇవ్వనివారికి ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. తన క్రింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలు, జరిమానా. మహారాష్ట్రలో ఒక వసతి పాఠశాల బాలికలపై జరిగిన నేరం విషయంలో, సమాచారం ఇవ్వలేదన్న ఆరోపణపై ఒక వైద్యునిపై నమోదైన కేసును హైకోర్టు కొట్టివేయగా, సుప్రీంకోర్టు 2022 నవంబరు 2న ఆ తీర్పును రద్దు చేసింది. తెలిసి కూడా తెలియజేయకపోవడం తీవ్రమైన నేరమని వ్యాఖ్యానించింది.

సమాచారం అందుకున్న పోలీసులు 24 గంటలలోగా బాలల సంక్షేమ సమితికి, ప్రత్యేక న్యాయస్థానానికి నివేదించాలి. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి వద్ద లేదా బిడ్డ కోరిన చోట, వీలైనంత వరకు సబ్ ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫారం లేకుండా నమోదు చేయాలి. దివ్యాంగులైన బాలల విషయంలో ప్రత్యేక ఉపాధ్యాయుల సాయం గాని, ఆ బిడ్డ వ్యక్తీకరణ పద్ధతి తెలిసిన వ్యక్తి సాయం గాని తీసుకునే వీలును 26వ సెక్షన్ కల్పించింది. ఇటువంటి నిపుణుల జాబితాను జిల్లా బాలల పరిరక్షణ విభాగం నిర్వహించాలి. జిల్లా సమీక్షా సమావేశాలలో ఈ జాబితా ఉన్నదా, అందులో ఆటిజం తెలిసినవారు ఎందరు అని కలెక్టర్లు అడిగితే చాలు, పని ముందుకు సాగుతుంది. ఒక్క జాగ్రత్త: ఆరోపణ ఉన్న పాఠశాల ఉపాధ్యాయులనే సహాయకులుగా పిలవరాదు. సౌకర్యంగా ఉంటుందని ఆ పని చేస్తే కేసు మొదటి రోజునే బలహీనపడుతుంది.

లైంగిక నేరాల కేసులలో దివ్యాంగుల వాంగ్మూలాన్ని మేజిస్ట్రేటు ప్రత్యేక ఉపాధ్యాయుని లేదా దుబాసీ సాయంతో దృశ్య, శ్రవణ రూపంలో నమోదు చేసినపుడు, దానిని ముఖ్య విచారణకు బదులుగా స్వీకరించే ఏర్పాటు 2013 సవరణతో వచ్చింది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 183వ సెక్షన్‌లో అది కొనసాగుతోంది. ‘మాటలే సరిగా రాని బిడ్డ చెప్పినది కోర్టులో నిలుస్తుందా’ అనే సందేహం క్షేత్రస్థాయి సిబ్బందిలో ఉండడం సహజం. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన అంధ మహిళపై జరిగిన అత్యాచారం కేసులో (పటాన్ జమాల్ వలీ కేసు) 2021 ఏప్రిల్ 27న తీర్పునిస్తూ, వైకల్యం ఉన్నంత మాత్రాన బాధితుల సాక్ష్యాన్ని తక్కువ బలం గలదిగా పరిగణించరాదని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఈ తీర్పు ప్రతిని ప్రతి పోలీసు స్టేషనులోనూ ఉంచదగినది.

పద్దెనిమిదేళ్లు నిండిన విద్యార్థి

ప్రత్యేక పాఠశాలలలో 20, 25 ఏళ్ల వయసు గలవారు కూడా వృత్తి శిక్షణ విభాగాలలో ఉంటారు. వీరికి పోక్సో వర్తించదు. ఆ చట్టంలో వయసు అంటే శారీరక వయసే గాని మానసిక వయసు కాదని 2017 జూలై 21న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసులో బాధితురాలి వయసు 38 సంవత్సరాలు, మానసిక వయసు సుమారు ఆరు నుండి ఎనిమిదేళ్లు. అందువలన పాఠశాల విధానపత్రం పోక్సో ఒక్కదాని మీదనే ఆధారపడి ఉంటే, ఒకే ఆవరణలోని సగం మంది పుట్టినరోజు నాటి నుండి రక్షణ వెలుపల ఉండిపోయే ప్రమాదం ఉంది.

వీరికి 2016 చట్టం 7వ సెక్షన్ అండగా నిలుస్తుంది. వేధింపు, హింస, దోపిడీ జరిగినా, జరగబోతున్నా ఎవరైనా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు సమాచారం ఇవ్వవచ్చు. ఆపేందుకు, బాధితులను కాపాడేందుకు, అవసరమైతే సురక్షిత ఆశ్రయం కల్పించేందుకు తక్షణ ఉత్తర్వులు జారీ చేసే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది. తహసీల్దారు కూడా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటే అన్న సంగతి ప్రజలకు తెలియదు. ఈ సెక్షన్ తమ పరిధిలోనిదన్న సంగతి కొందరు తహసీల్దార్లు కూడా గుర్తుంచుకోవలసి ఉంది. ఫిర్యాదు వచ్చినపుడు మేజిస్ట్రేటు వివరాలు, సమీపంలోని పునరావాస సంస్థ, ఉచిత న్యాయ సహాయం గురించి బాధితులకు తెలియజేయడం పోలీసు అధికారి విధి. పద్దెనిమిదేళ్లు నిండినవారికి సంరక్షకుల నియామకం జాతీయ ట్రస్టు చట్టం, 1999 క్రింద జిల్లా కలెక్టరు సభ్యులుగా గల స్థానిక స్థాయి కమిటీ ద్వారా జరుగుతుంది.

పాత్రికేయులకు

పోక్సో 23వ సెక్షన్ ప్రకారం బిడ్డ పేరు, చిరునామా, ఫోటో, కుటుంబ వివరాలు, పాఠశాల, పరిసర ప్రాంతం ప్రచురించరాదు. ఉల్లంఘిస్తే ఆరు నెలల నుండి ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. బిడ్డ ప్రయోజనార్థం ప్రత్యేక న్యాయస్థానం మాత్రమే అనుమతి ఇవ్వగలదు. పెద్ద ఉన్నత పాఠశాల విషయంలో ‘తొమ్మిదో తరగతి బాలిక’ అని వ్రాస్తే ఎవరో తెలియకపోవచ్చు. కాని ఒక పట్టణంలో ఉన్నదే ఒక ప్రత్యేక పాఠశాల, అందులో ఆటిజం గల బాలికలు నలుగురే అయినపుడు, ‘ఫలానా పట్టణంలో ఆటిజం గల పదకొండేళ్ల బాలిక’ అన్న మాటే ఆమె పేరు చెప్పినట్లు. పట్టణం, వైకల్యం, వయసు అనే మూడింటిని ఒకే వార్తలో కలపకుండా చూడడం మేలు. ఆటిజం వ్యాధి కాదు కనుక ‘ఆటిజం బారిన పడిన’ అనే ప్రయోగానికి బదులు ‘ఆటిజం గల’ అనడం సముచితం.

అయితే గోప్యత అనేది సంస్థను కాపాడే తెర కారాదు. ఆ జిల్లాలో ఎన్ని ప్రత్యేక పాఠశాలలు నమోదై ఉన్నాయి, చివరి తనిఖీ ఎప్పుడు జరిగింది, ఎందరు సిబ్బందికి పోలీసు ధ్రువీకరణ పూర్తయింది, ప్రత్యేక ఉపాధ్యాయుల పోస్టులు ఎన్ని భర్తీ అయ్యాయి అన్న ప్రశ్నలు ఏ బిడ్డ గుర్తింపునూ బయటపెట్టవు. ప్రాథమిక స్థాయిలో పది మందికి, ప్రాథమికోన్నత స్థాయిలో పదిహేను మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని కేంద్రం 2022లో నిర్దేశించగా, తదనుగుణంగా పోస్టులను ప్రకటించాలని సుప్రీంకోర్టు 2025 మార్చి 7న రాష్ట్రాలను ఆదేశించింది.

సమాచారం ఇవ్వదలచినవారు బాలల సహాయవాణి 1098కి గాని, అత్యవసర సేవల సంఖ్య 112కి గాని ఏ సమయంలోనైనా ఫోను చేయవచ్చు. ఫోను చేసేవారు తమ పేరు చెప్పడం తప్పనిసరి కాదు.